చలికాలంలో శ్వాసకోశ వ్యాధుల నివారణ, ఆరోగ్య రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలైన కొద్ది వారాలకే జలుబు, దగ్గు, జ్వరాలతో ఆస్పత్రుల ముందు వరుసలు పెరగడం ఏటా చూస్తున్నదే. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కానీ పసిపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు, గుండె జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, మధుమేహం ఉన్నవారికి అదే జబ్బు ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆరోగ్యంగా ఉన్నవారు తీసుకునే జాగ్రత్త వారికోసమే కాదు, ఇంట్లో ఉన్న బలహీనుల కోసం కూడా అని గుర్తుంచుకుని ఈ జవాబులు చదవాలని మా మనవి.

చలిగాలి తగలడం వల్లే జలుబు చేస్తుందా?

చలి ఒక్కటే ఎవరికీ జలుబు తెప్పించదు. జలుబుకు కారణం వైరస్‌లు. ఇవి 200కు పైగా రకాలున్నాయి, వాటిలో రైనోవైరస్‌లే అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. తడి తలతో బయట తిరిగినా, చన్నీళ్లు తాగినా, వైరస్ ఒంట్లోకి చేరకపోతే జలుబు రాదు. అలాగని పెద్దలు చెప్పే మాటను పూర్తిగా కొట్టిపారేయనూ లేము. చల్లని గాలి పీల్చినప్పుడు ముక్కు లోపలి పొర 33 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబడుతుంది; రైనోవైరస్‌లు బాగా పెరిగేది ఆ ఉష్ణోగ్రతలోనే, పైగా వైరస్‌ను తొలి గంటల్లో అడ్డుకోవలసిన కణాల రక్షణ స్పందన కూడా ఆ చల్లదనంలో మందగిస్తుంది. ఫ్లూ వైరస్ సంగతి ఇంకా స్పష్టంగా తెలుసు. 2007లో గినీ పందులపై జరిపిన ప్రయోగాల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ చల్లని, పొడి గాలిలో ఒక జంతువు నుంచి మరొక జంతువుకు తేలిగ్గా వ్యాపించింది. గాలి వెచ్చబడి తేమ పెరిగిన కొద్దీ వ్యాప్తి తగ్గింది. పొడిగాలి వల్ల ముక్కులోనూ శ్వాసనాళాల్లోనూ ఉండే జిగురు పొర ఆరిపోయి, దుమ్మునూ సూక్ష్మజీవులనూ బయటికి నెట్టే సన్నని నూగు సరిగా పనిచేయదు.

వీటన్నిటికీ మించిన కారణం మన అలవాట్లలో ఉంది. చలికి తలుపులు, కిటికీలు బిగించుకుని ఒకే గదిలో అందరమూ చేరతాం. ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తూ గంటల తరబడి గడుపుతాం. బయటి చలికన్నా ఈ మూసిన గదే ఎక్కువ ప్రమాదకరం.

వచ్చింది మామూలు జలుబా, ఫ్లూనా, కోవిడా అని ఎలా తెలుసుకోవాలి?

జలుబు మెల్లగా మొదలవుతుంది: గొంతులో గరగర, తుమ్ములు, ముక్కు కారడం, ఆ తర్వాత ముక్కు దిబ్బడ. జ్వరం ఉన్నా స్వల్పంగానే ఉంటుంది, మనిషి తన పనులు తాను చేసుకోగలడు. ఫ్లూ అలా కాదు. ఉదయం బాగానే ఉన్న వ్యక్తి సాయంత్రానికి తీవ్రమైన జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు, తలనొప్పి, పొడిదగ్గుతో మంచం పడతాడు. కోవిడ్-19 ఈ రెండింటిలో దేనిలాగైనా కనిపించవచ్చు కాబట్టి లక్షణాలను బట్టి దాన్ని కచ్చితంగా గుర్తించడం వైద్యులకు కూడా సాధ్యం కాదు, పరీక్ష చేయవలసిందే. ఇంట్లో బలహీనంగా ఉన్నవారెవరైనా ఉంటే ఆ పరీక్షను వాయిదా వేయకండి. ఎందుకంటే ఫ్లూకు, కోవిడ్‌కు వాడే వైరస్ నిరోధక మందులు తొలి రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్‌ను లక్షణాలు మొదలైన 48 గంటల లోపు ప్రారంభించడం మేలు.

ఇవి ఒకరి నుంచి మరొకరికి ఎలా అంటుకుంటాయి?

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పడే తుంపరలు దగ్గర్లో ఉన్నవారి ముక్కు, నోరు, కళ్లలో చేరడం అందరికీ తెలిసిన మార్గం. తుంపరలకన్నా ఎంతో సన్నని కణాలు మాట్లాడినప్పుడు, పాడినప్పుడు, ఊరికే ఊపిరి వదిలినప్పుడు కూడా వెలువడతాయి. సిగరెట్ తాగినవాడు బయటికి వెళ్లిపోయినా గదిలో పొగ నిలిచిపోయినట్టే, ఆ కణాలు గాలి ఆడని గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. ఇక చేతుల మార్గం. ముక్కు తుడుచుకున్న చేత్తో తలుపు గడియనో, ఫోన్‌నో, మెట్ల పక్కన కమ్మీనో తాకితే వైరస్ అక్కడ కొన్ని గంటలపాటు, గట్టి నునుపైన ఉపరితలాలపై ఒక్కోసారి ఒకటి రెండు రోజులపాటు సజీవంగా ఉండగలదు. దాన్ని ముట్టుకున్న వ్యక్తి తన ముఖాన్ని తాకగానే వైరస్‌కు దారి దొరుకుతుంది.

ఇంకొక విషయం తప్పక గమనించాలి. ఫ్లూ సోకిన వ్యక్తి తనకు జ్వరం తెలియడానికి సుమారు ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలడు. అందువల్ల జబ్బుగా కనిపించేవారికి దూరంగా ఉంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. గదిలో గాలి ఆడేలా చూడటం, చేతులు శుభ్రంగా ఉంచుకోవడం అందరూ బాగున్న రోజుల్లో కూడా సాగాలి.

ఇంత చలిలో కిటికీలు ఎలా తెరవమంటారు?

రోజంతా తెరిచి ఉంచనక్కరలేదు. ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలనో, ఒక కిటికీని ఒక తలుపునో కలిపి పది నిమిషాలు పూర్తిగా తెరిస్తే గదిలోని పాతగాలి చాలావరకు బయటికి పోతుంది. అంత తక్కువ సమయంలో గోడలు, సామాను చల్లబడవు కాబట్టి తలుపులు మూసిన కొద్దిసేపటికే గది మళ్లీ వెచ్చబడుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు, ముఖ్యంగా నిద్ర లేచాక, బంధువులు వచ్చి వెళ్లాక ఇలా చేయడం మంచిది. వంటగదిలోనూ స్నానాల గదిలోనూ గాలిని బయటికి పంపే ఫ్యాన్ ఉంటే దాన్ని కాసేపు తిప్పండి. బయటి గాలి కాలుష్యంతో నిండి ఉండి కిటికీ తెరవడానికి వీల్లేని రోజుల్లో హెపా ఫిల్టరు (అతిసన్నని కణాలను పట్టి ఉంచే జల్లెడ) ఉన్న గాలిశుద్ధి యంత్రం గదిలో తేలే కణాలను గణనీయంగా తగ్గిస్తుంది.

గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ముక్కుకూ గొంతుకూ హాయిగా ఉంటుంది. తేమ కోసం హ్యుమిడిఫయర్ వాడేవారు దానిలోని నీటిని రోజూ మార్చి, తొట్టెను తరచుగా కడిగి ఆరబెట్టాలి. పాచి పట్టిన యంత్రం బూజునూ బ్యాక్టీరియానూ గదంతా చిమ్ముతుంది, అంతకంటే అది లేకపోవడమే నయం.

ఒక హెచ్చరికను ఇక్కడే చెప్పడం అవసరం. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకండి. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారంతో మొదలై, నిద్రలో ఉన్నవారికి ఏమీ తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఇలా ఒక్కరాత్రిలో కుటుంబాలకు కుటుంబాలే పోయిన సందర్భాలున్నాయి.

చేతులు ఎంతసేపు, ఎలా కడుక్కోవాలి?

సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి. నీళ్లు వేడిగా ఉండనక్కరలేదు. నురగ వచ్చేలా సబ్బు రాసుకున్నాక అరచేతులు మాత్రమే రుద్ది వదిలేయడం చాలామంది చేసే తప్పు. ముఖాన్ని ఎక్కువగా తాకేది వేళ్ల కొసలు, బొటనవేలు. కాబట్టి ఒక చేతి వేళ్ల కొసలను రెండో అరచేతిలో గుండ్రంగా రుద్దాలి. బొటనవేలిని పిడికిట్లో పట్టుకుని తిప్పాలి. వేళ్ల సందులు, చేతి వెనుకభాగం, మణికట్టు వరకు రుద్దిన తర్వాతే కడగాలి. తడి చేతులు సూక్ష్మజీవులను సులువుగా అంటించుకుంటాయి కనుక పొడిగా తుడుచుకోవడమూ కడుక్కోవడంలో భాగమే. సబ్బు, నీళ్లు అందుబాటులో లేనప్పుడు కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వాడవచ్చు. చేతులకు కనిపించే మురికి ఉంటే మాత్రం అది సరిగా పనిచేయదు.

మాస్కు ఇంకా అవసరమా?

అందరికీ అన్నివేళలా అవసరం లేదు. దగ్గు, జలుబు ఉన్నవారు నలుగురిలోకి వెళ్లక తప్పనప్పుడు, ఆస్పత్రికి వెళ్లినప్పుడు, రోగికి సేవ చేస్తున్నప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినవారు కిక్కిరిసిన బస్సులోనో రైల్లోనో ప్రయాణిస్తున్నప్పుడు మాస్కు పెట్టుకోవడం తెలివైన పని. ఎన్‌95 మాస్కు గాలిలోని అతిసూక్ష్మ కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపేలా తయారవుతుంది. కానీ అది ముఖానికి అంటిపెట్టుకుని ఉండాలి. పెట్టుకున్నాక ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి. కళ్ల దగ్గరో చెంపల పక్కనో గాలి తగిలితే మాస్కు సరిగా అమరలేదని అర్థం.

ఫ్లూ టీకా ఒకసారి వేయించుకున్నాను. మళ్లీ ప్రతి ఏడాదీ ఎందుకు?

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తన పైపొర ప్రొటీన్లను నిరంతరం కొద్దికొద్దిగా మార్చుకుంటూ ఉంటుంది. నిరుటి వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకున్న మన రక్షణ వ్యవస్థ ఈ ఏటి వైరస్‌ను పూర్తిగా గుర్తుపట్టలేకపోవచ్చు. దానికితోడు టీకా ఇచ్చిన రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి నడుపుతున్న పరిశీలన వ్యవస్థ ద్వారా వివిధ దేశాల ప్రయోగశాలలు వైరస్ నమూనాలను పరీక్షిస్తూ ఉంటాయి. ఆ సమాచారం ఆధారంగా టీకాలో ఏ రకాలు ఉండాలో ఏడాదికి రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరి ప్రాంతంలోనూ దక్షిణార్ధగోళానికి సెప్టెంబరు ప్రాంతంలోనూ నిర్ణయిస్తారు.

టీకా వేసిన తర్వాత రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి మీ ప్రాంతంలో ఫ్లూ కాలం మొదలుకాక ముందే వేయించుకోవడం సరైన పద్ధతి. ఆలస్యమైనా వేయించుకోవడమే మేలు. ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి ఎవరైనా తీసుకోవచ్చు. తొలిసారి తీసుకునే చిన్నపిల్లలకు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరమవుతాయి. గర్భిణులు, వృద్ధులు, ఐదేళ్లలోపు పిల్లలు, దీర్ఘవ్యాధులున్నవారు, ఆరోగ్య సిబ్బంది దీనికి ముందు వరుసలో ఉండాలి. ఆరు నెలలలోపు శిశువుకు ఈ టీకా వేయరు. తల్లి గర్భంతో ఉండగా వేయించుకుంటే ఆమె శరీరంలో తయారైన యాంటీబాడీలు బిడ్డకు చేరి, పుట్టిన తొలి నెలల్లో కాపాడతాయి. ఆ వయసు శిశువుకు ఇంతకు మించిన రక్షణ మరొకటి లేదు.

టీకా వేయించుకున్నాకే నాకు జ్వరం వచ్చింది. అది ఫ్లూ కాదా?

కాదు. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, అందువల్ల అది ఫ్లూ తెప్పించలేదు. ఒకటి రెండు రోజులు సూది వేసినచోట నొప్పి, కాస్త ఒళ్లు వెచ్చబడటం రక్షణ వ్యవస్థ పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. ఆ రోజుల్లోనే వేరే వైరస్ ఏదైనా సోకి ఉండవచ్చు కూడా. టీకా వేసుకున్నా కొందరికి ఫ్లూ వస్తుందన్నది నిజమే. అయితే వారిలో జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరవలసిన పరిస్థితి గణనీయంగా తగ్గుతుంది. మేము టీకాను ఇంత గట్టిగా సూచించడానికి కారణం అదే.

ఫ్లూ టీకా ఒక్కటే చాలా?

న్యుమోనియాకు ప్రధాన కారణాల్లో ఒకటైన న్యుమోకాకస్ బ్యాక్టీరియాకు వేరే టీకా ఉంది. చిన్నపిల్లలకు, వృద్ధులకు, దీర్ఘవ్యాధులున్నవారికి అది అవసరం. శిశువుల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్‌ఎస్‌వీ వైరస్‌కు వృద్ధుల కోసం, గర్భిణుల కోసం తయారైన టీకాలు 2023 నుంచి కొన్ని దేశాల్లో అందుబాటులోకి వచ్చాయి. కోవిడ్, కోరింత దగ్గు టీకాల విషయంలో మీ వయసును, ఆరోగ్యాన్ని బట్టి వైద్యుని సలహా తీసుకోండి.

విటమిన్ సి మాత్రలు వేసుకుంటే జలుబు రాకుండా ఉంటుందా?

రాకుండా ఆపదు. క్రమం తప్పకుండా వాడేవారిలో జలుబు కాలం స్వల్పంగా తగ్గినట్టు పరిశోధనలు చెబుతున్నాయి, అంతే. మాత్రలకు పెట్టే శ్రద్ధను నిద్ర మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను కొలిచి, వారి ముక్కులో రైనోవైరస్ చుక్కలు వేసి పరిశీలించారు. రోజుకు ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవారు, ఏడు గంటలకు మించి నిద్రపోయేవారితో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా జలుబు బారిన పడ్డారు. దాహం వేయకపోయినా తగినన్ని నీళ్లు తాగడం, పండ్లు, కూరగాయలు, పప్పులతో కూడిన ఆహారం, పొగాకుకు దూరంగా ఉండటం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. వీటికి బదులుగా పనిచేసే మాత్ర ఏదీ లేదు.

జలుబు ముదిరి కఫం పచ్చగా మారింది. యాంటీబయాటిక్ వేసుకోవాలా?

కఫం రంగు మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని కాదు. వైరస్‌తో పోరాడే తెల్లరక్తకణాల్లోని పదార్థాల వల్ల కూడా ఆ రంగు వస్తుంది. యాంటీబయాటిక్ మందులు బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి, జలుబు, ఫ్లూ వైరస్‌లను ఏమీ చేయలేవు. అనవసరంగా వాడితే విరేచనాలు, అలర్జీలు రావడం ఒక నష్టమైతే, మందుకు లొంగని బ్యాక్టీరియా తయారవడం అంతకంటే పెద్ద నష్టం. రేపు ఇంట్లో ఎవరికైనా నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకుండా పోతుంది. పోయినసారి మిగిలిన మాత్రలు వేసుకోవడం, పక్కింటివారి చీటీతో మందులు కొనడం దయచేసి మానండి. తగ్గుముఖం పట్టిన జ్వరం మళ్లీ పెరిగినా, ముఖంలో ఒకవైపు తీవ్రమైన నొప్పి ఉన్నా, పది రోజులైనా మెరుగు లేకపోయినా వైద్యుడు పరీక్షించి యాంటీబయాటిక్ అవసరమో కాదో చెబుతారు.

ఇంట్లో ఉపశమనానికి ఏం చేయవచ్చు?

గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలిస్తే గొంతునొప్పి తగ్గుతుంది. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు చిన్నపిల్లలకు కూడా క్షేమమే. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గుకు పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు శిశువుకు మాత్రం తేనె నాకించనే కూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన వ్యాధి వచ్చే అవకాశం ఉంది. ఆవిరి పట్టడం వల్ల కాసేపు హాయిగా ఉంటుందే తప్ప వైరస్ చావదు. మరుగుతున్న నీళ్ల గిన్నె ఒలికి పిల్లల ఒళ్లు కాలిన ఘటనలు ఎన్నో ఉన్నందున వారికి ఆవిరి పట్టించవద్దు.

జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్ సురక్షితమైన మందే. అయితే జలుబు మాత్రల్లో, పొడుల్లో కూడా చాలావాటిలో అదే ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే తెలియకుండానే మోతాదు మించి కాలేయం దెబ్బతింటుంది. పెద్దలకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇంకా తగ్గించాలి. వైరస్ జ్వరాలకు పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. నాలుగేళ్లలోపు పిల్లలకు దుకాణంలో అడిగి తెచ్చిన దగ్గు, జలుబు సిరప్‌లు పట్టకండి.

పసిబిడ్డకు జలుబు చేసింది. ఎప్పుడు భయపడాలి?

బిడ్డ ఊపిరిని చూడటం ప్రతి తల్లీ తండ్రీ నేర్చుకోవలసిన విషయం. బిడ్డ ఏడవకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకి ఎత్తి, వెలుతురులో పొట్ట కదలికను చూస్తూ గడియారం పెట్టుకుని ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలలోపు శిశువు నిమిషానికి 60 లేదా అంతకుమించి, రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డ 50 లేదా అంతకుమించి, ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలు 40 లేదా అంతకుమించి ఊపిరి తీస్తుంటే అది వేగంగా ఆడుతున్న ఊపిరి, వైద్యుణ్ని చూడాలి. లెక్కతో పాటు ఛాతీని కూడా గమనించండి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, అంటే బిడ్డ పక్కలు ఎగరేస్తుంటే, ఒక్క క్షణం కూడా ఆగకూడదు.

పాలు తాగలేకపోవడం, ఊపిరి మధ్యమధ్య ఆగడం, మూలుగు, పెదవులు నీలంగా మారడం, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్ రావడం, ఎన్నో గంటలుగా మూత్రం పోయకపోవడం, వీటిలో ఏది కనిపించినా రాత్రా పగలా అని చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మూడు నెలలలోపు శిశువుకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉంటే వేరే లక్షణమేదీ లేకపోయినా అదేరోజు చూపించాలి. జలుబు ఉన్నవారు ఎంత దగ్గరి బంధువులైనా పసిబిడ్డను ఎత్తుకోకుండా, ముద్దు పెట్టుకోకుండా ఉండటం ఆ బిడ్డకు చేసే మేలు. ఈ మాట చెప్పడానికి తల్లిదండ్రులు మొహమాటపడకూడదు.

ఉబ్బసం ఉన్నవారు, పెద్ద వయసువారు ప్రత్యేకంగా ఏం చేయాలి?

ఉబ్బసంలో రోజూ వాడవలసిన నివారణ ఇన్‌హేలర్‌ను బాగున్నాం కదా అని మానేయడమే చలికాలపు ఆయాసాలకు పెద్ద కారణం. చలి మొదలుకాక ముందే ఇన్‌హేలర్‌లో మందు ఎంత మిగిలి ఉందో చూసుకోండి, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో) పీల్చే విధానాన్ని ఒకసారి వైద్యుని ముందు చేసి చూపించండి. బయటికి వెళ్లేటప్పుడు ముక్కునూ నోటినీ పలుచని వస్త్రంతో కప్పుకుని ముక్కుతోనే ఊపిరి పీలిస్తే లోపలికి వెళ్లే గాలి వెచ్చబడుతుంది. తక్షణ ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ ఎప్పుడూ జేబులో ఉండాలి. దానితో కూడా ఆయాసం తగ్గకపోతే, మాట పూర్తిచేయలేనంతగా ఉంటే ఆస్పత్రికి వెళ్లాలి.

వృద్ధుల్లో న్యుమోనియా చాలాసార్లు జ్వరం లేకుండానే వస్తుంది. అన్నం మానేయడం, మాట తడబడటం, ఉన్నట్టుండి మతిమరుపు పెరగడం, పడిపోవడం వంటివే తొలి గుర్తులు కావచ్చు. ఇది వయసు ప్రభావమేనని సరిపెట్టుకోకండి. ఫ్లూ గుండె మీద కూడా భారం వేస్తుంది: ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు పెరిగినట్టు కెనడాలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం తేల్చింది. గుండె జబ్బున్నవారికి ఫ్లూ టీకా ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని వేలికి తగిలించి చూసే ఆక్సీమీటర్ వాడేవారికి ఒక సూచన. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు తప్పుడు అంకెలు చూపిస్తాయి. చేతులు రుద్ది వెచ్చబడ్డాక, అంకె స్థిరపడేవరకు ఆగి చూడండి. ఊపిరితిత్తుల జబ్బులేని వ్యక్తికి అది 94 శాతం కన్నా తక్కువ చూపిస్తుంటే వైద్యుణ్ని సంప్రదించాలి. అంకె బాగానే ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే ఆయాసాన్నే నమ్మండి.

చలిలో ఉదయపు నడక మానేయాలా?

ఆరోగ్యవంతులు మానేయనక్కరలేదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అన్ని కాలాల్లోనూ అవసరమే. చలికాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి పొర కప్పులా నిలిచి, పొగనూ దుమ్మునూ పైకి పోనివ్వదు. అందుకే నగరాల్లో ఆ వేళ గాలి తరచుగా కలుషితమై ఉంటుంది. కొంచెం ఎండ పొడిచాక, వాహనాల రద్దీ లేనిచోట నడవడం మంచిది. ఛాతీలో పట్టేసినట్టు అనిపిస్తే వెంటనే ఆపాలి.

జబ్బు చేస్తే ఎన్నాళ్లు ఇంట్లో ఉండాలి?

జ్వరం మందు వేసుకోకుండానే 24 గంటలపాటు జ్వరం లేకుండా ఉండి, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టేవరకు. ఆ తర్వాత మరో ఐదు రోజులు జనంలో మాస్కు పెట్టుకోవడం మంచిది. జ్వరంతో ఉన్న పిల్లవాణ్ని పరీక్ష ఉందని బడికి పంపడం, సెలవు లేదని ఉద్యోగిని పనికి రప్పించడం వల్ల తరగతి మొత్తానికి, కార్యాలయం మొత్తానికి జబ్బు పాకుతుంది. బడులూ సంస్థలూ ఈ విషయంలో ఉదారంగా ఉండాలి.

జ్వరం తగ్గింది, దగ్గు మాత్రం పోవడం లేదు. ఏం చేయాలి?

వైరస్ పోయాక కూడా శ్వాసనాళాల మంట మానడానికి సమయం పడుతుంది కాబట్టి దగ్గు మూడు వారాల వరకు, కొందరికి అంతకంటే ఎక్కువగా ఉండవచ్చు. రోజురోజుకూ తగ్గుతూ ఉంటే ఓపికపట్టవచ్చు. తగ్గే సూచన లేకుండా రెండు వారాలకు మించి దగ్గు సాగుతున్నా, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం తోడైనా క్షయ పరీక్ష చేయించుకోవాలి. కఫంలో రక్తం పడితే రెండు వారాలు కూడా ఆగకూడదు, మరునాడే వైద్యుణ్ని కలవాలి.